గేటు దగ్గర ఆగిన ఎర్రమేక

పిల్లలకు కథలు రాయడం చాలా తేలికని మన దేశంలో ఒక నమ్మకం ఉంది. ఉద్యోగం నుంచి దిగిపోయినవాళ్ళు, మోకాళ్ళ నొప్పులతో పొద్దుటి నడక మానేసినవాళ్ళు, పెద్దల పత్రికలకు పంపిన కవితలన్నీ తిరుగుటపాలో చూసుకున్నవాళ్ళు, అందరూ చివరికి పిల్లల మీద పడతారు. పిల్లలు తిరిగి కొట్టరు కదా! ఒక రాజు, ఒక అడవి, అడవిలో సింహం, దానికి బుద్ధి చెప్పే కుందేలు, ఆఖర్న ఒక నీతి. ఈ దినుసులుంటే ఎవరైనా పొయ్యి ముట్టించవచ్చు. నేను ఊళ్ళు పట్టుకు తిరిగే మనిషిని. రైల్వే స్టేషన్లలో, బస్టాండు అరుగుల మీద, మంగలి షాపుల్లో చిరిగి పడి ఉన్న బాలల పత్రికలు చదివినన్ని ఇంకేవీ చదివి ఉండను. ఆ చదువు ప్రకారం తెలుగు పిల్లలు ఈపాటికి భూమ్మీద అందరికంటే నీతిమంతులై ఉండాలి. వాళ్ళే పెద్దవాళ్ళై మనల్ని ఏలుతున్నారు కాబట్టి ఆ సంగతి ఎలా ఉందో మీకే తెలుసు.

ఈ దినుసుల సంగతి కోసిగి రత్నమణికి ఎవరూ చెప్పలేదు. అందుకే ఆమె పాట్లు పడింది.

కోసిగి అంటే మంత్రాలయం పోయే యాత్రికులు రైలు కిటికీలోంచి చూసే ఊరు. చూసి, దుమ్ము వస్తుందని కిటికీ దించుకునే ఊరు. మఠం దగ్గర తుంగభద్రలో మునిగి పుణ్యం మూటగట్టుకునేవాళ్ళకు, ఆ తుంగభద్ర నీళ్ళే కాలువ పట్టుకుని ఈ పల్లెల పక్కనుంచి పోతుంటాయని తెలియదు. ‘పోతుంటాయి’ అన్నది ఆలోచించే అన్నాను. పోవడమే వాటి పని. గుంతకల్లు వెయిటింగ్ రూములో ఒక ఇంజనీరు నాకు కాలువ వాలు గురించి గంటసేపు పాఠం చెప్పాడు. అంతా విన్నాక నాకు అర్థమైనదల్లా, నీళ్ళు పల్లానికి పోతాయి, పలుకుబడి ఉన్నచోట ఆగుతాయి.

నేను ఆ ఊళ్ళో దిగడానికి భక్తీ కారణం కాదు, పనీ కారణం కాదు. చొక్కా భుజం దగ్గర చినిగింది. స్టేషను బయట టీ బంకులో అడిగితే, "చర్చి పక్క సందులో రత్నమణక్క కుడుతుంది, పో తాతా" అన్నారు. పోయాను. ఆమె చొక్కా తీసుకుంది, నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది, మిషను తొక్కుతూనే మాట కలిపింది. తర్వాత ఆ దారిలో రైలు ఎక్కినప్పుడల్లా నా చొక్కా ఎక్కడో ఒకచోట చినుగుతూనే ఉంది.

రత్నమణి వారమంతా జాకెట్లు కుడుతుంది. భర్త బెంగళూరులో గోడలు కడతాడు, పండగలకు వస్తాడు. కూతురు స్తుతి కడపలో డిగ్రీ చదువుతోంది, హాస్టల్లో ఉంటుంది. ఆదివారం పూట రత్నమణి చర్చి వెనక రేకుల గదిలో సండే స్కూలు నడుపుతుంది. దొరల కాలంలో కట్టిన రాతి చర్చి అది. గంటకు పగులు వచ్చింది కానీ గోడకు రాలేదు. రెండింటినీ ఒకే గట్టితనంతో ఎందుకు చేయించలేదో దొరలకే తెలియాలి.

సండే స్కూలులో ఆమెకు ఒక పద్ధతి ఉంది. దాన్ని ఏ ట్రైనింగు కాలేజీలోనూ నేర్పరు. కథ ఎప్పుడూ పూర్తిగా చెప్పదు. సరిగ్గా ముడి పడినచోట ఆపి లేస్తుంది. మామూలు రోజుల్లో, "మిగతాది వచ్చే ఆదివారం." క్రిస్మస్ దగ్గర పడితే, "మిగతాది మిరపకాయలయినాక."

మిరపకాయల సంగతి కాస్త చెప్పాలి. ఆ మండలంలో వాన ఇచ్చిన పంట డిసెంబరుకే అయిపోతుంది. క్రిస్మస్ కేకు నాలుక మీద ఉండగానే బండ్లు వస్తాయి. ఇంటికి తాళం, తాళం ముందు ఒక కంపకొమ్మ, కోళ్ళు పక్కింటికి, ముసలివాళ్ళు అరుగుకు, మిగతా సంసారమంతా గుంటూరు వైపు మిరపచేలకు. పిల్లలు కూడా. మళ్ళీ ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం నాటికి తిరిగొస్తారు. అప్పటికి బడి పిల్లల్ని మరిచిపోయి ఉంటుంది, పిల్లలు బడిని మరిచిపోయి ఉంటారు. ఊళ్ళో వలసపిల్లలకని హాస్టలు ఉంది, అవ్వల దగ్గర ఉండే వీలుంది. కానీ బండి కదిలేటప్పుడు అమ్మ కొంగు పట్టుకున్న పిల్లకు హాస్టలు ఎక్కడ కనపడుతుంది? సగం కథ మాత్రం కనపడుతుందని రత్నమణి కనిపెట్టింది. కథ మిగతా సగం కోసం ఒకరిద్దరు అవ్వల దగ్గర ఉండిపోయారు. పోయినవాళ్ళు కూడా తిరిగొచ్చి, ఇంటి తాళం తీయకముందే ఈమె అరుగెక్కారు. టీవీ సీరియలు వాళ్ళు సబ్బు అమ్ముకోవడానికి కథ ఆపుతారు. ఈమె పిల్లల్ని ఆపడానికి ఆపేది. ఎవరి వ్యాపారం వాళ్ళది.

ఆ ఏడు ఆమె ఆపదలచుకున్న పిల్ల పేరు ప్రేమజ్యోతి. ఎనిమిదో తరగతి. వాళ్ళమ్మ కృపారాణి మంచిదే, కానీ ఆమె లెక్క ఆమెకుంది. పిల్ల వేళ్ళు సన్నగా ఉంటాయి, కాయ తొందరగా తెంపుతుంది, ఈసారి వెంట తీసుకుపోతానంది. ఒకసారి కాయ కోతకు అలవాటుపడిన పిల్ల మళ్ళీ తొమ్మిదో తరగతి మెట్టెక్కదని రత్నమణికి తెలుసు. తనతో సండే స్కూలులో కూర్చున్నవాళ్ళు ఎంతమంది ఎక్కలేదో ఆమె చూసింది.

ప్రేమజ్యోతికి ఒక ఎర్రమేక ఉండేది. ఎండాకాలం మేత లేక ఆదోని సంతలో అమ్మేశారు. పిల్ల కొన్నాళ్ళు అన్నం సరిగ్గా తినలేదు. ఆ ఏడు క్రిస్మస్‌కు చాలా ముందుగానే రత్నమణి ఆ మేక మీద కథ అల్లింది. మేక సంతబండి మీదనుంచి దూకి పారిపోతుంది. నీళ్ళ వాసన పట్టుకుని నడుస్తుంది, నడుస్తుంది, కాలువ దగ్గరికి చేరుతుంది. కాలువకు అడ్డంగా ఇనపగేటు. గేటు అవతల పచ్చిగడ్డి, నీళ్ళు, బలిసిన మేకలు. ఇవతల కావలివాడు. "ఏ ఊరు మేకవే నువ్వు?" అంటాడు. "కోసిగి" అంటుంది మేక. "కోసిగి వాళ్ళకు ఈడ నీళ్ళు లేవు పో" అంటాడు. మేక పోదు. ఆడనే నిలబడుతుంది.

"తర్వాత?" అన్నారు పిల్లలు.

"మిరపకాయలయినాక" అంది రత్నమణి.

ఈ కథను ఫోనులో విన్న స్తుతి, "అమ్మా, దీన్ని పత్రికకు పంపుదాం" అంది. కడపలో ‘వెన్నముద్ద’ అనే బాలల మాసపత్రిక ఒకటి వస్తుంది. కడప ఎండలో వెన్నముద్ద ఎంతసేపు ఉంటుందని మీరు అడగవచ్చు, నేనూ అడిగాను. రత్నమణికి మాత్రం వేరే ఆలోచన వచ్చింది. తమవాళ్ళకు అచ్చులో ఉన్నదే నిజం. బైబిలు అచ్చులో ఉంటుంది, రేషన్ కార్డు అచ్చులో ఉంటుంది, పట్టా పాసుపుస్తకం అచ్చులో ఉంటుంది. ప్రేమజ్యోతి మేక కూడా అచ్చులోకి ఎక్కి, కింద ‘మిగతాది తరువాత’ అని పడితే, కృపారాణి మెత్తబడుతుంది. అచ్చులో ఉన్న మేకను గేటు దగ్గర వదిలేసి ఏ తల్లి పిల్లను బండెక్కిస్తుంది?

పత్రిక చివరి పేజీలో రచయితలకు సూచనలున్నాయి. కథ సొంతదేనని హామీపత్రం జతచేయాలట. రత్నమణి పాస్టరుగారి దగ్గరికి పోయి చర్చి ముద్రతో హామీపత్రం తెచ్చింది: ‘ఈ సహోదరి మా సంఘములో నమ్మకమైన సభ్యురాలు, కానుకలు క్రమముగా చెల్లించునది, అబద్ధమాడదు.’ కథ రాసేవాళ్ళకు ఇచ్చిన యోగ్యతాపత్రాల్లో ఇంతకంటే ప్రమాదకరమైనది నేను చూడలేదు. కథ కూడా ఆదివారం చెప్పినట్టే రాసింది. అక్కడక్కడ ‘ఇచ్చట పిల్లలందరు మేకవలె అరవవలెను’ అని ఉంది. స్తుతి అంతా ఫోనులో టైపు చేసి పంపింది.

కొన్నాళ్ళకు ఫోను మోగింది.

"ఏమ్మా, కోసిగి రత్నమణి మీరేనా? వెన్నముద్ద ఆఫీసు నుంచి మాట్లాడతాండా. ఓబులేసు నా పేరు, బొమ్మలేస్తా, ప్రూఫులు చూస్తా."

"చెప్పు సార్."

"మీ కథ వచ్చినాది. ఆఖరు పేజీ రాలేదు."

"అంతే సార్ కథ."

"అంతే అంటే ఎట్లమ్మా? మేక గేటు కాడ నిలబడుకోనుండాది. తర్వాత ఏమాయె?"

"మిరపకాయలయినాక చెప్తా సార్."

"మేకకూ మిరపకాయలకూ ఏం సంబంధమమ్మా?" అన్నాడు ఓబులేసు. "అది కాక, మధ్యలో ఆఫీసులో అందరం అరిసి చూసినాము. మా సారు లోపల్నుంచి వచ్చి ఎవురురా మేకను తోలకొచ్చింది అన్నాడు. మీరొకతూరి వచ్చిపోండి."

ఆమె కోసిగిలో రైలెక్కి, గుంతకల్లులో మారి కడప పోయింది. వెన్నముద్ద కార్యాలయం ఒక రాళ్ళ డిపోలో ఉంది. సంపాదకుడు వసంతకుమార్ గారిది భూములున్న కుటుంబం. తాత పొలాలు చూశాడు, తండ్రి కాంట్రాక్టులు చూశాడు, ఈయన గనులు చూస్తూ బాలసాహిత్యం కూడా చూస్తున్నాడు. పత్రిక మొదటి పేజీలో ఆయన పిల్లలకు పెన్సిళ్ళు పంచుతున్న ఫొటో ఉంటుంది, రెండో పేజీలో ఆయన సందేశం ఉంటుంది, మూడో పేజీ నుంచి పిల్లలు మొదలవుతారు. ఓబులేసు అసలు పని శంకుస్థాపన రాళ్ళ మీద అక్షరాలు చెక్కడం. రాతి మీద తప్పు పడితే కొట్టేయలేం కాబట్టి అతనికంటే జాగ్రత్తగా ప్రూఫు చూసేవాడు దొరకడని ఆయన నియమించాడు. న్యాయమైన ఆలోచనే. లోకంలో చాలామంది సంపాదకులకు ఆ మాత్రం కారణం కూడా లేదు.

నున్నగా తోమిన బండల మధ్య ప్లాస్టిక్ కుర్చీలో రత్నమణిని కూర్చోబెట్టారు. వెంట స్తుతి ఉంది. ఆ సంభాషణ ఇద్దరూ వేర్వేరుగా నాకు చెప్పారు, తేడా లేదు.

"కథ బాగుండాదమ్మా" అన్నాడు వసంతకుమార్. "కానీ పిల్లల కథకు ఒక పద్ధతి ఉంటుంది. మేక ఎందుకు? మా దగ్గర జింక బొమ్మ రెడీగా ఉండాది, రంగులేసి."

"మా కాడ మేకలే సార్. జింకను నేను చూడల్యా."

"నేను సింహాన్ని చూసినానా? తిరుపతి జూలో ఒకటుంటే అది ఎనక్కి తిరిగి పండుకోనుండె. అయినా నెలనెలా వేస్తాండామా లేదా?"

"వేస్తాండారు సార్."

"ఇంగ నీతి. నీతి యాడమ్మా ఇందులో?"

"నీతి చెప్తే మా పిల్లోళ్ళు లేసి పోతారు సార్."

"మా పిల్లోళ్ళు పోరు" అన్నాడాయన ధీమాగా. "వాళ్ళ సార్లు పోనీరు."

ముగింపు దగ్గర మాత్రం రత్నమణి గట్టిగా నిలబడింది. మిరపచేల సంగతి, ప్రేమజ్యోతి సంగతి, సగం కథ సంగతి అంతా చెప్పింది. "ముగింపు చెప్తే ఆ పాప బండెక్కుతాది సార్. చెప్పకుండా ఏయండి. క్రిస్మస్‌కు ముందు రావాల" అంది.

వసంతకుమార్ చలించిపోయాడు. ఆయన హృదయం మంచిదని స్తుతి ఇప్పటికీ అంటుంది. నేనూ కాదనను. ఇంత మంచి హృదయం ఉన్నవాళ్ళ చేతిలో పడితే కథలు బతకవు, అంతే. "డిసెంబరు సంచికలోనే వేస్తా. క్రిస్మస్‌కు ముందే మీ చర్చికి కట్ట చేరాల, ఇది నా మాట" అని ఆమెకు శాలువా కప్పాడు. కడపలో, ఆ డిపో రేకుల షెడ్డు కింద, ఉన్ని శాలువా. ఓబులేసు ఫొటో తీశాడు. పారితోషికం ఏమిటని స్తుతి అడగబోతే తల్లి మోచేత్తో పొడిచింది. శాలువా అంటే అదే పారితోషికమని పిల్లకు తెలియదు. మన సాహిత్యంలో ఎంతమంది చలికి చావకుండా, ఆకలికి చచ్చారో ఎవరైనా పరిశోధన చేస్తే బాగుంటుంది.

ఆయన మాట నిలబెట్టుకున్నాడు. అదే కొంప ముంచింది.

క్రిస్మస్ ముందు ఆదివారం కట్ట వచ్చింది. పాస్టరుగారు ప్రార్థన చేసి తాడు విప్పారు. లోపల రత్నమణి పేరు ఉంది, తప్పులేకుండా, రాతి మీద చెక్కినట్టు ఉంది. పక్కన రంగుల జింక ఉంది. కోసిగి పోయి ‘విజయగిరి రాజ్యం’ వచ్చింది. కావలివాడు పోయి ద్వారపాలకుడు వచ్చాడు. ఇక గేటు దగ్గర ఏమైందంటే: ‘జింక దీనాలాపములు ఆలకించిన దయామయుడైన మహారాజు స్వయముగా విచ్చేసి ద్వారము తెరిపించి, దానిని దాని తల్లిదండ్రుల చెంతకు చేర్చెను.’ కింద నల్లటి గీతల మధ్య: ‘నీతి: తల్లిదండ్రుల మాట వినక ఇల్లు విడిచినవారికి కష్టములు తప్పవు.’

ఓబులేసు తర్వాత ఫోనులో చెప్పిందేమంటే, "సారు రాత్రంతా కూచోని రాసినాడమ్మా ముగింపు. మీ మీద గౌరవంతో. సగంలో ఉంటే మీకే చెడ్డపేరని."

సండే స్కూలు పిల్లలు ఆ రోజు కథ చదివి, పత్రికల్ని పడవలు చేసుకున్నారు. వదలడానికి నీళ్ళు లేవు కాబట్టి చేతుల్లో పట్టుకుని తిరిగారు.

పండగ మర్నాడు బండి వచ్చింది. వంటసామాన్లు, పరుపుచుట్టలు, నీళ్ళ క్యాన్లు ఎక్కించారు. రత్నమణి బండి దగ్గరికి పోయింది. కృపారాణి వెనక తలుపు దగ్గర నిలబడి కూతుర్ని పిలుస్తోంది. ప్రేమజ్యోతి అవ్వ పక్కన గోడకు అతుక్కుపోయి ఉంది.

"పాపను ఇడిసిపో కృపా" అంది రత్నమణి. "అవ్వ ఉండాది, నేనుండా, హాస్టలుండాది. యాడికీ పోదు. చదువుకుంటాది."

కృపారాణి సంచిలోంచి వెన్నముద్ద తీసింది. దాన్ని ఆమె భద్రంగా పెట్టుకుంది, అదీ చెప్పాలి. ఆ పేజీ మడిచి, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ పైకి చదివింది. "తల్లి-దండ్రుల మాట వినక... ఇనమ్మే, ఇను! రత్నమణక్కే రాసింది. ఇల్లు ఇడిస్తే కష్టాలంట, అమ్మానాయన యాడుంటే ఆడ ఉండాలంట. ఏమక్కా, నువ్వు రాసిందే గదా?"

"నేను రాయల్యా ఆ మాట."

"నీ పేరుండాది గదక్కా!" అంది కృపారాణి. అందులో ఎగతాళి లేదు. నిజంగానే అడిగింది. "అచ్చులో ఉండాది. ఎక్కమ్మే బిన్నా, టైమైతాంది."

అచ్చులో ఉన్నదే నిజమని ముందు అనుకున్నది రత్నమణే.

ప్రేమజ్యోతి గోడ వదిలింది. "అది జింకమ్మా. మన మేక కాదు" అంది.

"మేకో జింకో. ఎక్కు."

పిల్ల ఎక్కింది. పరుపుచుట్ట మీద కూర్చుని, బండి కదిలాక తల బయటపెట్టి అరిచింది: "అక్కా! మేక గేటు కాడనే ఉండాది గదా?"

"ఆడనే ఉండాది!" అని అరిచింది రత్నమణి.

ఆ తర్వాత జరిగినదాన్ని బయటివాళ్ళు విజయం అంటారు. జింక కథ బడుల్లో బాగా నడిచిందని, ఇంకొకటి కావాలని వసంతకుమార్ అడిగాడు. రత్నమణి ఒక జాకెట్టుకు హుక్కులు కుట్టేలోపు ఒక రాజును, ఒక సింహాన్ని, ఒక నీతిని జతచేసి స్తుతికి చెప్పేసింది. మార్పు లేకుండా అచ్చయింది. మరొకటి అడిగారు. అదీ పంపింది. అనంతపురం వైపు పత్రిక ఒకటి కూడా ఆమెకోసం ఫోను చేసింది. నేను చొక్కా పట్టుకుని పోయినప్పుడు మిషను మీద పేర్చిన సంచికలు చూపించింది. శాలువా మడతపెట్టి కుర్చీలో వేసుకుని కూర్చుని ఉంది.

"బాగా రాస్తాండావంట?" అన్నాను.

"రాసేదేముండాది పెద్దాయనా. జాకెట్టుకు కొలతలున్నట్టు దీనికీ ఉండాయి. రాజుకింత, సింహానికింత, నీతికింత. కొలత తెలిస్తే కుట్టేసేదే" అంది. "తొడుక్కునేటోళ్ళకు యాడ బిగుతైతాందో వాళ్ళు చెప్పరు, మనం అడగం."

సాహిత్య విమర్శ గురించి నేను చాలా లావు పుస్తకాలు మోసుకు తిరిగాను. ఇంత సన్నగా ఎక్కడా చెప్పలేదు. అయితే ఆమె చూపు మాత్రం మాటల మీద లేదు. వీధి చివర రోడ్డు మీద ఉంది. మట్టల ఆదివారం దగ్గర పడుతోంది.

బండ్లు వచ్చిన రోజు నేను ఆ అరుగు మీదే ఉన్నాను. బండి పూర్తిగా ఆగకముందే ప్రేమజ్యోతి దూకింది. నల్లబడింది, పొడుగైంది. ఇంటి వైపు పోలేదు, సరాసరి ఈ సందులోకి వచ్చింది.

"అక్కా, మేక?"

"ముందు చేతులు కడుక్కో. ఆ చేతుల్తో కండ్లు ముట్టుకుంటివంటే చూడు" అంది రత్నమణి. కానీ ఆమె మొహం వెలిగిపోయింది. మిషను వదిలి, తానే చెంబుతో నీళ్ళు పోసింది. ఎన్ని నీళ్ళు పోసినా మిరప ఘాటు పోలేదు, నాకు అరుగు మీద తుమ్ములొచ్చాయి.

"అక్కా, నేను ఆడ పిల్లోళ్ళకు చెప్పినా మేక కథ" అంది ప్రేమజ్యోతి చేతులు విదిలిస్తూ. "శానామంది కూచుంటాండిరి. కర్ణాటకోళ్ళు కూడా. వాళ్ళకు తెలుగు రాదు, ఐనా మేక మాదిరి అరిసేది వస్తాది. శిల్పా అని ఒక పాప ఉండాది, ఆ పాపకు తెలుగు వస్తాది, మిగతోళ్ళకు అదే చెప్తాది. ఆ పాప ఐతే నన్ను ఇడిసేదే ల్యా."

"అట్లనా? యాడిదాకా చెప్పినావు?"

"గేటు దాకా. నీ మాదిరే ఆపేసినా." పిల్ల గర్వంగా నవ్వింది. "మిగతాది వచ్చే ఏడు మిరపకాయలకొచ్చినప్పుడు చెప్తానని మాటిచ్చినా. వాళ్ళు కూడా వస్తామన్నారు. శిల్ప ఒట్టేసింది."

రత్నమణి చెంబు కింద పెట్టింది. కోసిగికి లాగడానికి తయారుచేసిన కొక్కెం గుంటూరు చేలో తగులుకుంది. ఎవరికీ తప్పు పట్టేది లేదు. పిల్ల పాఠం శుద్ధంగా నేర్చుకుంది, పంతులమ్మ కంటే బాగా నేర్చుకుంది.

"ఆ శిల్పా వాళ్ళమ్మ ఫోను నంబరు ఉండాదా?" అంది రత్నమణి.

"అమ్మ ఫోన్లో ఉండాది."

"పో, తీసుకోనిరా. ఇప్పుడే చెప్పేయ్ వాళ్ళకు మిగతాది."

"ముగింపా?" ప్రేమజ్యోతి నమ్మలేకపోయింది. "నువ్వు ఎప్పుడూ చెప్పేదే ల్యా గదక్కా!"

"నేను చెప్పను. నువ్వు చెప్పు. ఈ పొద్దే చెప్పాల. మాటిచ్చి బాకీ పెట్టకూడదు."

ఫోను వచ్చింది. వెనకే కృపారాణి కూడా వచ్చింది, తాళంచెవి చేత్తో పట్టుకుని. ఇల్లు ఇంకా తీయలేదు. ప్రేమజ్యోతి అరుగు అంచున కూర్చుని, ఫోనును నోటి దగ్గర పెట్టుకుని వాయిస్ మెసేజి బటను నొక్కింది. రత్నమణి వైపు చూసింది. ఆమె చూరు వైపు చూస్తోంది. ఆమె దగ్గర ముగింపు లేదని నాకు అప్పుడే తెలిసింది. ఎన్నడూ అవసరపడలేదు కదా.

"శిల్పా, నేను ప్రేమజ్యోతిని" అని మొదలుపెట్టింది పిల్ల. "మేక గేటు కాడ నిలబడుకోనుండాది గదా? కావలోడు నిద్రపోయినాడు. గేటుకు కడ్డీలుండాయి, సందులుండాయి. లోపలుండే మేకలు బలిసినాయి, అవి బయటికి రాలేవు. మన మేక తిండి లేక ఎండిపోయి ఉండాది గదా, సందులో పట్టింది. పోయి నీళ్ళు తాగింది. కొంచెం గడ్డి తినింది. ఆ మేకలు ఇంకా తిను, ఇంకా తిను అంటాండాయి. మన మేక తినలేదు. ఎక్కువ తింటే బలుస్తాది, సందులో పట్టదు. మళ్ళా ఇంటికి వచ్చేకి కాదు. అందుకని కొంచెమే తిని, బలవకముందే బయటికొచ్చేసింది. అంతే. అయిపోయింది కథ."

బటను వదిలింది. కృపారాణి తాళంచెవిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"మళ్ళా పెట్టమ్మే" అంది. పిల్ల మళ్ళీ పెట్టింది. తల్లి నిలబడే విన్నది.

"మరి నాకు?" అంది ప్రేమజ్యోతి. "నాకు ఇంగ కథ లేదు గదక్కా. అయిపోయె."

"ఆదివారం రా. గాడిదది ఒకటుండాది."

"పూర్తిగా చెప్తావా?"

"చూస్తాం."

ఆ మేక కథను స్తుతి వెన్నముద్దకు పంపుదామంది. రత్నమణి ఒప్పుకోలేదు. వాళ్ళకు సింహాలు పంపుతూనే ఉంది, వాళ్ళు వేస్తూనే ఉన్నారు. కిందటి ఉగాదికి కడపలో ఇంకో శాలువా కప్పారు.

పోయిన డిసెంబరులో మళ్ళీ బండి వచ్చింది. నా చొక్కా ఆ పాటికి కుట్టడానికి వీల్లేనంత చినిగింది, అయినా పోయాను. ప్రేమజ్యోతి తొమ్మిదో తరగతి. అవ్వ పక్కన నిలబడి ఉంది, ఈసారి గోడకు అతుక్కోకుండా.

"రానంటాండాది" అంది కృపారాణి, ఎవరూ అడగకుండానే. "ఆడ దానికి చెప్పే పని అయిపోయిందంట. ఈడ గాడిద ఉండాదంట. నాకి రెండు చేతులుండాయి, అవే చాలు." సంచీ లోపల వేసి, ఒక్కతే ఎక్కి పరుపుచుట్ట మీద కూర్చుంది. డ్రైవరు హారను కొట్టాడు. కృపారాణి వంగి, కూతురికి వినపడదనుకుని, అందరికీ వినపడేట్టే అడిగింది:

"ఏమక్కా, ఆ గాడిద బాయిలో పడింది గదా. పైకొచ్చిందా, లేదా?"

రత్నమణి బండి వెనక తలుపు గొళ్ళెం వేసింది.

"మిరపకాయలయినాక" అంది.